గుద్దులల్ల గెలిచినం, కాయితంల ఓడినం

ఒక పాత రాత్రి ముచ్చట యాది చేస్త. 2012 ఆగస్టు 3. లండన్ ఒలింపిక్స్. మగవాళ్ల బాక్సింగ్‌ల వెల్టర్‌వెయిట్ పోటీ, అంటే గప్పటి లెక్కల 69 కిలోల తరగతి. ఒక మూలకు హర్యానా భివానీ పిలగాడు వికాస్ క్రిషన్, ఇరవై ఏండ్లోడు. ఇంకో మూలకు అమెరికా బాక్సర్ ఎర్రల్ స్పెన్స్. మూడు రౌండ్లు కొట్లాడిన్రు. లెక్క తేలింది: 13-11. రెఫరీ వికాస్ చెయ్యి పైకి లేపిండు. క్వార్టర్ ఫైనల్ ఖాయం. ఇంకొక్క గెలుపు గెలిస్తే పతకం.

గెలిచిండని సంబురపడి పండుకున్నోళ్లు పొద్దుగాల లేచేసరికి వార్త తిరగబడ్డది. అమెరికా వాళ్లు అప్పీలు పెట్టిన్రు. పోటీల జ్యూరీ కూసోని వీడియో మళ్ల చూసింది. 13-11 తోని గెలిచిన మనోడు 15-13 తోని ఓడిండని చెప్పింది. రింగుల ఒక్క గుద్దు కూడ కొత్తగ పడలే. కొట్లాట ఎప్పుడో అయిపోయింది. అయినా ఫలితం మారింది.

పద్నాలుగేండ్ల కిందటి ముచ్చట ఇప్పుడెందుకు అంటరా? ఎందుకంటే 2026 జులై 23 నుంచి ఆగస్టు 2 దాకా గ్లాస్గోల కామన్వెల్త్ ఆటలు. హాకీ, షూటింగ్, కుస్తీ, బ్యాడ్మింటన్ అన్నీ తీసేసి 10 ఆటలే పెట్టిన్రు. మనకు పతకాలు తెచ్చే ఆటలల్ల మిగిలింది తక్కువ, అండ్ల బాక్సింగ్ ఒకటి. దాని ఎనుక సెప్టెంబర్‌ల జపాన్‌ల ఆసియా ఆటలు. 2030 కామన్వెల్త్ ఆటలైతే మన దేశంలనే, అహ్మదాబాద్‌ల. ఊర్లెపొంటి గ్లోవ్స్ కట్టుకునే పిలగాండ్లు పెరుగుతున్నరు. వాళ్లకు గుద్దు నేర్పే కోచ్ దొరుకుతడు కావచ్చు. రూలు నేర్పేటోడు మాత్రం దొరుకుతలేడు. లండన్ రాత్రి మనకు చెప్పిన పాఠం అదే.

జ్యూరీ ఏం చెప్పింది?

ముందుగాల సంగతి సాఫ్‌గ మాట్లాడుకుందం. మనోడు కాబట్టి ఏం తప్పు చెయ్యలే అని గుడ్డిగ అంటే మనమీద మనకే నమ్మకం పోతది.

జ్యూరీ రెండు మాటలు చెప్పింది. ఒకటి, మూడో రౌండుల వికాస్ ఎదుటోన్ని తొమ్మిది సార్లు పట్టుకున్నడు. బాక్సింగ్‌ల కొట్టుడు ఉంటది గాని పట్టుకునుడు ఉండొద్దు. రెండు, రెండో రౌండుల నోట్ల పెట్టుకునే రబ్బరు గార్డును కావాలని ఉమ్మేసిండు. గార్డు కింద పడితే ఆట ఆగుతది, అలిసినోనికి ఊపిరి పీల్చుకునే టైం దొరుకుతది. గందుకే అది కూడ తప్పే. ఈ తప్పులకు రెఫరీ వార్నింగులు ఇచ్చి ఉంటే స్పెన్స్‌కు కనీసం 4 పాయింట్లు రావాలె అని జ్యూరీ లెక్క కట్టింది. గప్పటి రూలు ప్రకారం ఒక్క వార్నింగుకు ఎదుటోనికి 2 పాయింట్లు. 11కు 4 కలిపితే 15. వికాస్ 13 కాడనే ఆగిండు. అంతే, ఖేల్ ఖతం.

పట్టుకున్నది నిజమే. లీడు చేతిల ఉన్నప్పుడు ఆఖరి నిమిషాలు ఎట్లనన్న గడిపితే సాలు అని ఏ బాక్సరైనా చూస్తడు. కాని ఇండ్ల ఒక పెద్ద చిక్కు ఉన్నది, దాన్ని జర సోంచాయించుండ్రి.

వార్నింగు అనేది శిక్ష మాత్రమే కాదు, అది ఒక కబురు కూడ. "ఓ పిలగా, ఇట్ల పట్టుకుంటే నీ పాయింట్లు పోతయి" అని రెఫరీ రింగుల చెప్తే బాక్సర్ తన తరీఖా మార్చుకుంటడు. దూరం జరుగుతడు, ఇంకో రెండు గుద్దులు ఎక్కువ కొడ్తడు. రెఫరీ ఏం అంటలేడంటే "ఇది నడుస్తది" అనే అర్థం. ఆట నడుస్తున్నప్పుడు నోరు మూసుకొని, ఆట అయిపోయినంక ఇంట్ల కూసోని "నీకు గప్పుడే చెప్పాల్సి ఉండె" అంటే, ఆ పిలగాడు ఎప్పుడు సర్దుకోవాలె? తప్పు చేసింది ఇద్దరు: పట్టుకున్న బాక్సర్, ఊకున్న రెఫరీ. శిక్ష మాత్రం ఒక్కనికే పడ్డది.

ఇది అన్యాయం అనిపిస్తది. నాకు ఇప్పటికీ అనిపిస్తది. కాని దాని ఎనుక ఉన్న అసలు సంగతిని మనం చూడకుండ వదిలిపెట్టినం.

అదే లండన్, అదే వారం

అసలు సంగతి ఏందంటే, అప్పీలు పెట్టుడు అమెరికా వాళ్లకు తెలుసు. ఏ రూలు కింద పెట్టాలె, వీడియోల ఏ చోటు చూపెట్టాలె, ఏ మాట రాయాలె, అన్నీ తయారుగ ఉన్నయి. స్పెన్స్ ఏడ్చుకుంట కూసోలే, వాని ఎనుక కాయితం పట్టుకొని ఉరికేటోళ్లు ఉన్నరు.

మనోళ్లు అప్పీలు పెట్టలేదా? పెట్టిన్రు. దానికి నాలుగు రోజుల ముందు, 81 కిలోల తరగతిల సుమిత్ సాంగ్వాన్ బ్రెజిల్ బాక్సర్ యమగూచి ఫాల్కావో చేతిల 14-15 తోని, ఒక్క పాయింటుతోని ఓడిండు. చూసినోళ్లల్ల శానామంది సుమిత్ గెలిచిండనే అన్నరు. మన దిక్కు నుంచి అప్పీలు పోయింది, కొట్టేసిన్రు. ఎందుకంటే "పాయింట్లు తక్కువ ఇచ్చిన్రు" అనేది జడ్జి కండ్లకు సంబంధించింది. "రెఫరీ ఈ రూలు అమలు చెయ్యలే" అనేది పుస్తకానికి సంబంధించింది. కండ్ల మీద పంచాది పెడితే గెలవం. పుస్తకం మీద పెడితే గెలిచే తొవ్వ ఉంటది.

అదే లండన్‌ల 56 కిలోల పోటీ చూడుండ్రి. జపాన్ బాక్సర్ సతోషి షిమిజు మూడో రౌండుల అజర్‌బైజాన్ బాక్సర్‌ను ఆరు సార్లు కింద పడేసిండు. అయినా లెక్కల 22-17 అని అజర్‌బైజాన్ వానిదే గెలుపు అన్నరు. జపాన్ అప్పీలు పెట్టింది. ఆరు సార్లు కింద పడితే రెఫరీ ఆట ఆపాలె, ఆపలేదు కాబట్టి తప్పు అన్నది. పుస్తకం మాట. ఫలితం మారింది, ఆ రెఫరీని ఇంటికి పంపిన్రు. షిమిజు కంచు పతకం తోని వాపస్ పోయిండు.

మన ఊర్ల ముచ్చట తోని చెప్తే ఇట్ల ఉంటది. భూమి మనదే, తాతల నుంచి దున్నేది మనమే, ఊరంత సాక్ష్యం చెప్తది. కాని పాస్‌బుక్కుల పేరు ఎక్కకపోతే? ఆఫీసుల చుట్టు తిరిగీ తిరిగీ చెప్పులరగాలె. చెమట మనది, కాయితం ఇంకొకనిది. రింగుల గూడ గదే కథ.

ఇంకో మాట. గంత లొల్లి చేసి గెలిపించుకున్న స్పెన్స్ తరువాతి పోటీలనే రష్యా బాక్సర్ జామ్కవోయ్ చేతిల 11-16 తోని ఓడిండు. ఆసారి అమెరికా మగ బాక్సర్లకు ఒక్క పతకం రాలే. వెల్టర్‌వెయిట్ బంగారం కజకిస్తాన్‌కు చెందిన సెరిక్ సపియెవ్ కొట్టుకపోయిండు. కాని స్పెన్స్ ఐదేండ్లకు ప్రొఫెషనల్ బాక్సింగ్‌ల వెల్టర్‌వెయిట్ ప్రపంచ చాంపియన్ అయిండు. అసుంటోని మీద మన ఇరవై ఏండ్ల పిలగాడు రింగుల పైచేయి చూపెట్టిండు. మన రెక్కలల్ల బలం తక్కువ లేదనుటానికి ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలె?

ఇంట్ల ఓడి రచ్చ గెలుస్తమా?

ఇంట గెలిచి రచ్చ గెలువు అన్నరు పెద్దలు. లండన్ నుంచి వచ్చిన నాలుగు నెలలకే మన ఇంటి సంగతి బయటపడ్డది. 2012 డిసెంబర్‌ల మన దేశ బాక్సింగ్ సంఘాన్ని అంతర్జాతీయ బాక్సింగ్ సంఘం సస్పెండ్ చేసింది. ఎందుకు? సంఘం ఎన్నికలల్ల గోల్‌మాల్ జరిగిందని. కుర్చీల కోసం పెద్దమనుషులు కొట్లాడుకున్నరు, ఆగమైంది మాత్రం గ్లోవ్స్ కట్టుకున్న పిలగాండ్లు. 2013 ప్రపంచ పోటీలల్ల మన బాక్సర్లు మన జెండా కింద ఆడలేకపోయిన్రు, అంతర్జాతీయ సంఘం జెండా కింద రింగు ఎక్కిన్రు.

2014ల కొత్త సంఘం పెట్టిన్రు, అది ఏడాది గడవకముందే కూలింది. ఇప్పుడున్న సంఘం 2016 సెప్టెంబర్‌ల వచ్చింది, అంటే రియో ఒలింపిక్స్ అయిపోయినంక. లండన్‌కు మన బాక్సర్లు 8 మంది పోయిన్రు. రియోకు ముగ్గురే: శివ థాపా, మనోజ్ కుమార్, వికాస్ క్రిషన్. నాలుగేండ్లల్ల మన పిలగాండ్ల చేతులల్ల బలం తగ్గిందా? లేదు. ఆఫీసుల సోయి తగ్గింది.

సరే, మన ఇల్లు గిట్ల ఉంటే బయట ఇల్లు బంగారమా అంటే అదీ కాదు. రియోల బాక్సింగ్ తీర్పుల మీద గింత లొల్లి అయ్యింది కాబట్టి అక్కడ పనిచేసిన 36 మంది రెఫరీలు, జడ్జిలను పక్కకు పెట్టిన్రు. 2021ల మెక్లారెన్ విచారణ రిపోర్టు వచ్చింది. రియోల పోటీల ఫలితాలను ముందే సెట్ చేసే పద్ధతి నడిచిందని తేల్చింది. 2019ల ఒలింపిక్ కమిటీ అంతర్జాతీయ బాక్సింగ్ సంఘాన్ని సస్పెండ్ చేసింది, 2023ల గుర్తింపే తీసేసింది. బాక్సింగ్ ఒలింపిక్స్‌ల ఉంటదా పోతదా అనే కాడికి వచ్చింది. 2025 మార్చిల, వరల్డ్ బాక్సింగ్ అనే కొత్త సంఘానికి గుర్తింపు ఇచ్చినంకనే, 2028 లాస్ ఏంజిలస్ ఒలింపిక్స్‌ల బాక్సింగ్ ఉంటదని ఖాయం చేసిన్రు.

వెల్టర్‌వెయిట్ లెక్క ఒకసారి చూడుండ్రి

ఈ ఒక్క తరగతినే పట్టుకొని కామన్వెల్త్ ఆటలల్ల మన లెక్క చెప్త. 2010 ఢిల్లీల దిల్‌బాగ్ సింగ్ కంచు. 2014 గ్లాస్గోల మన్‌దీప్ జాంగ్రా వెండి. 2018 గోల్డ్ కోస్టుల మనోజ్ కుమార్ కంచు. 2022 బర్మింగ్‌హామ్‌ల రోహిత్ టోకస్ కంచు. నాలుగు ఆటలు, నాలుగు పతకాలు. ఒక్కటి కూడ బంగారం లేదు.

బర్మింగ్‌హామ్‌ల టోకస్ సెమీఫైనల్‌ల జాంబియా బాక్సర్ స్టీఫెన్ జింబా చేతిల 2-3 తోని ఓడిండు. ఐదుగురు జడ్జిలల్ల ఇద్దరు మనోడు గెలిచిండన్నరు, ముగ్గురు ఓడిండన్నరు. ఒక్క జడ్జి మనసు ఇటు తిరిగితే ఫైనల్ ఆడేటోడు. నేను జాంబియా పిలగాన్ని ఏమంటలేను. అతనిది కూడ మనసుంటి పేద దేశమే, అతను కూడ కష్టపడే వచ్చిండు. నేను చెప్పేది ఈ ఆటల ఒక్క చిటికెడు తేడా ఎంత దూరం తీస్కపోతదో అని.

ఇగ 2024 పారిస్. తారీఖు చూడుండ్రి, మళ్ల ఆగస్టు 3. లండన్ రాత్రికి సరిగ్గ పన్నెండేండ్లు. 71 కిలోల క్వార్టర్ ఫైనల్‌ల నిశాంత్ దేవ్, మెక్సికో బాక్సర్ మార్కో వెర్డే మీద మొదటి రౌండు గెలిచిండు. ఆఖరికి 4-1 తోని వెర్డే గెలిచిండన్నరు. గెలిచి ఉంటే పతకం చేతికొచ్చేది, ఎందుకంటే బాక్సింగ్‌ల సెమీస్‌ల ఓడిన ఇద్దరికీ కంచు ఇస్తరు. దేశమంత మళ్ల సోషల్ మీడియాల లొల్లి పెట్టింది. రెండు రోజులైనంక అందరం మరిచిపోయినం. నిశాంత్ 2025ల ప్రొఫెషనల్ బాక్సింగ్‌ల అడుగు పెట్టిండు.

ఇంకొకటి గమనించిన్రా? లండన్‌ల 69 కిలోలు, బర్మింగ్‌హామ్‌ల 67, పారిస్‌ల 71. లండన్‌ల మగవాళ్లకు 10 తరగతులు ఉంటే పారిస్‌కు వచ్చేసరికి 7 మిగిలినయి. ఆడపిల్లలకు చోటు పెంచిన్రు, అది న్యాయమే, దానికి మనం సంతోషపడాలె. కాని ఏ తరగతి ఉన్నది, ఏది పోయింది అని తెల్వక రెండేండ్లు తప్పు బరువుల సాధన చేసే పిలగాని గతి ఏంది? పట్నం పిలగానికి కోచ్ చెప్తడు. ఊరి పిలగానికి ఎవరు చెప్పాలె?

అడిగినోళ్లు ఉన్నరు

మన దగ్గరికే వద్దం. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్. 2019ల ఒలింపిక్ అర్హత పోటీలకు ట్రయల్స్ లేకుండనే మేరీ కోమ్‌ను పంపేటట్టు ఉన్నరని తెలిసి, ఆ బిడ్డ కేంద్ర క్రీడల మంత్రికి బహిరంగంగ లేఖ రాసింది. నాకు ఎవరి దయ వద్దు, న్యాయంగ ఒక ట్రయల్ పెట్టుండ్రి అన్నది. ఎంతమంది తిట్టిన్రో యాది ఉన్నదా? "గంత పెద్ద చాంపియన్‌తోని నీకు పోటీనా" అన్నరు. డిసెంబర్‌ల ట్రయల్ పెట్టిన్రు. నిఖత్ 1-9 తోని ఓడింది. కాని రింగుల ఓడింది, ఆఫీసు గది ముంగట కాదు. 2022ల ప్రపంచ చాంపియన్ అయింది, అదే ఏడాది బర్మింగ్‌హామ్‌ల బంగారం తెచ్చింది, 2023ల మళ్ల ప్రపంచ చాంపియన్. అదే నిజామాబాద్ నుంచి హుస్సాముద్దీన్ 2018లా, 2022లా రెండు కామన్వెల్త్ కంచు పతకాలు తెచ్చిండు. చిన్న ఊర్ల నుంచి అయితదా అనేటోళ్లకు ఆ ఊరే జవాబు.

మనోజ్ కుమార్‌ను తీసుకోండ్రి, పైన చెప్పిన వెల్టర్‌వెయిట్ కంచు ఆయనదే. 2014ల అర్జున అవార్డు లిస్టుల పేరు పెట్టలేదు. డోపింగ్ కేసు ఉన్నదని పొరపాటు పడ్డరట, ఆయన మీద అసుంటి కేసే లేదు. ఊకుంటే ఊకునేటోళ్లే. ఆయన ఢిల్లీ హైకోర్టుకు పోయిండు, అవార్డు తెచ్చుకున్నడు.

నా కండ్లతోని చూసింది ఒకటి చెప్త. కొన్నేండ్ల కింద మా దిక్కు ఒక కబడ్డీ టోర్నీ. ఆఖరి నిమిషంల బోనస్ పాయింటు మీద గొడవైంది. రెండు ఊర్ల పెద్దమనుషులు అంగీలు పట్టుకునే కాడికి వచ్చిన్రు. ఓడిపోయే జట్టుల ఒక బక్క పిలగాడు జేబుల నుంచి మడత పెట్టిన కాయితం తీసిండు. రూల్స్ జిరాక్స్. అంపైర్ ముంగట పెట్టి, వేలు పెట్టి చూపెట్టిండు, గొంతు లేపలే. అంపైర్ చదివి పాయింటు ఇచ్చిండు. గొడవ గక్కడనే సల్లారింది. గంతమంది అరుపులు చెయ్యలేని పని ఒక్క జిరాక్స్ కాయితం చేసింది.

మరి మనం ఏం చెయ్యాలె?

2025 ఆగస్టుల పార్లమెంటు క్రీడల పాలన మీద కొత్త చట్టం చేసింది. జాతీయ క్రీడా బోర్డు, క్రీడల తగాదాలకు ఒక ట్రిబ్యునల్ పెడ్తమన్నది. సర్కార్ పైసలు తీసుకునే సంఘాలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తయని రాసింది. సంఘం కమిటీలల్ల ఆటగాండ్లకు, ఆడవాళ్లకు చోటు ఉండాలన్నది. మంచిదే. కాని చట్టం అల్మారల ఉంటే అది చెదలకు పనికొస్తది. అడిగేటోడు ఉంటేనే చట్టానికి పండ్లు మొలుస్తయి. మన బాక్సింగ్ సంఘం ఎన్నికల పంచాది 2025ల గూడ కోర్టుల చుట్టు తిరిగిందని మరువకుండ్రి.

గందుకే గ్లోవ్స్ కట్టుకునే ప్రతి తమ్మునికి, చెల్లెకు నాలుగు మాటలు. ఒకటి, నీ బరువు తరగతి ఇప్పుడు ఏ పోటీల ఎంత ఉన్నదో నువ్వే చూసుకో, ఫోను చేతిలనే ఉన్నది కద. రెండు, రూల్ పుస్తకం సంపాదించి ఫౌల్ల పాఠం చదువు. పట్టుకునుడు, తల కిందికి వంచుడు, గార్డు ఉమ్ముడు, ఏది చేస్తే ఏం పోతదో నోటికి రావాలె. ఇంగ్లీషుల ఉంటే సదువుకున్న సోపతిగాని తోని చదివించుకో, నామోషీ లేదు. నేను గూడ గట్లనే నేర్చుకున్న. మూడు, జిల్లా ట్రయల్స్‌ల నిన్ను పక్కకు పెడితే తిట్టకు, కొట్టకు. ఏ పద్ధతిల ఎంపిక చేసిన్రు, ఎవరికి ఎన్ని పాయింట్లు ఇచ్చిన్రు అని రాతపూర్వకంగ అడుగు. అందినట్టు ముద్ర ఏయించుకో. నాలుగు, నీ పోటీని ఎవరితోనన్న ఫోన్ల వీడియో తీయించు. లండన్‌ల ఫలితం మారింది వీడియో తోనే.

సంఘాల పెద్దమనుషులకు ఒక్కటే మాట. పిలగాండ్లతోని పాటు విమానం ఎక్కి పోయేటోళ్లల్ల రూలు తెలిసినోడు, అప్పీలు రాసేటోడు ఒక్కడన్న ఉన్నడా? ఉన్నడని చెప్పుండ్రి, మేము ఊకుంటం. లేకుంటే సెల్ఫీలు దిగేటోళ్లల్ల ఒకరిని తగ్గించి ఆ సీటు వానికి ఇయ్యుండ్రి.

తెల్లారి ఓడిండని విన్నప్పుడు వికాస్ చేతులల్ల ఆ 13 పాయింట్లు అట్లనే ఉన్నయి. ఆ పిలగాడు కొట్టాల్సినయన్నీ కొట్టిండు. వాని ఎనుక నిలవడాల్సినోళ్లం మనం తయారుగ లేము. గ్లాస్గోల మళ్ల గంట మోగుతది. ఈసారన్న మన పిలగాని మూలకు ఒక నీళ్ల సీసా, ఒక తువ్వాల, ఒక రూల్ పుస్తకం ఉండాలె.